రెండో టెయిల్ లైటుకు వేరే డబ్బు

1948లో ఫోర్డ్ ఎఫ్-1 ట్రక్కు కొన్న అమెరికా రైతుకు బండి వెనకాల ఎర్రలైటు ఒక్కటే వచ్చేది. రెండో పక్కన కూడా కావాలంటే వేరే డబ్బు కట్టాలి. వైపరూ అంతే. డ్రైవరు ఎదురుగా ఉన్నది బండితో వస్తుంది, పక్కన కూర్చున్నవాళ్ళ ముందుది కొనుక్కోవాలి. పక్క సీటుకు సన్ వైజరూ కొనుక్కోవలసిందే. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని పడమటి పొద్దులో పట్నం నుంచి ఇంటికొచ్చే మనిషి, ఆమె కళ్ళలో ఎండ పడకుండా చూడడానికి కూడా ధర చెల్లించాడన్నమాట.

రెండో లైటు తయారుచేయడం ఫోర్డ్‌కు చేతకాక కాదు. ముందు ఇవ్వకుండా ఆపి, ఆ తర్వాత దాన్నే అమ్మడం ఒక వ్యాపార పద్ధతి. ఎలక్ట్రిక్ పికప్ కొనబోయేవాళ్ళ ముందు మొన్నమొన్నటిదాకా ఫోర్డ్ పరిచిన ప్రో, ఎక్స్‌ఎల్‌టీ, లారియట్, ప్లాటినం అనే వరస ఆ పద్ధతి ముదిరిన రూపమే. మారుతి బండి కొనేటప్పుడు ఎల్‌ఎక్స్‌ఐయా, వీఎక్స్‌ఐయా, జెడ్‌ఎక్స్‌ఐయా అని ఇంటిల్లిపాదీ కూర్చుని తర్జనభర్జన పడ్డ మనకు ఇది కొత్తేమీ కాదు. కానీ ఈ మెట్లు ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో తెలుసుకున్నాక నేను బండి చూసే తీరే మారింది.

నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కేటరింగ్ చేస్తాను. గృహప్రవేశాలు, సీమంతాలు, బారసాలలు, కార్తీకంలో పార్కుల్లో వనభోజనాలు. పార్కులో వడ్డించడమంటే కరెంటుతో పని. వేడిగా పెట్టాల్సిన వంటకం 135 డిగ్రీల ఫారన్‌హీట్‌కు కిందికి జారకూడదని ఇక్కడి ఆహార నిబంధన. మా హాట్ కేసులు ఒక్కొక్కటీ 1,500 వాట్లు లాగుతాయి. పెట్రోలు జనరేటరు పెడితే ఆ రొదలో పురోహితుడి మంత్రం వినపడదు, పొగ వాసన సాంబారు దాకా వస్తుంది. అందుకే తనలోనే కరెంటు మోసుకొచ్చే ట్రక్కు మీద నాకు మనసు పడింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్ అంతా కరెంటు పోయి జనం చలికి చనిపోతున్న రోజుల్లో, ప్లగ్గులున్న ఎఫ్-150 హైబ్రిడ్ ట్రక్కులతో కొందరు ఇళ్ళలో హీటర్లు నడిపారు. షోరూముల్లో ఉన్న అలాంటి ట్రక్కులను అవసరమైనవాళ్ళకు అరువివ్వమని ఫోర్డ్ తన డీలర్లను కోరింది కూడా. బండి మనిషికి ఇలాంటి ఆసరా అవుతుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

కథ మొదట్లో మెట్లే లేవు. 1908లో వచ్చిన మోడల్ టీ 1927 దాకా కోటిన్నర తయారైంది. అందులో 1914 నుంచి 1925 దాకా రంగు ఒక్కటే, నలుపు. ఒకే బండి, ఏటేటా తగ్గే ధర, ఇదీ హెన్రీ ఫోర్డ్ పట్టుదల. పల్లెల్లో రైతులు ఆ కారు వెనక భాగం పీకేసి, సొంతంగా చెక్కపెట్టె బిగించుకుని, పాల క్యానులూ దాణా బస్తాలూ వేసుకుపోయేవారు. అది చూసి 1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీయే ఉక్కు తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. మొదటి ఏడాదే దాదాపు 34 వేలు అమ్ముడుపోయాయి. కంపెనీ నుంచే తొట్టితో వచ్చిన ఫోర్డ్ పికప్‌కు ఇదే పుట్టుక. పని చేసుకునేవాడి అవసరం నుంచి పుట్టింది, అందరికీ ఒకే రకంగా దొరికింది.

మెట్లు కట్టింది జనరల్ మోటార్స్. 1923లో ఆ కంపెనీ అధ్యక్షుడైన ఆల్‌ఫ్రెడ్ స్లోన్, మరుసటి ఏడాది వాటాదారుల నివేదికలో తన సిద్ధాంతం చెప్పేశాడు. ఎవరి జేబుకు తగ్గ కారు వాళ్ళకు, ఏ పనికి తగ్గ కారు ఆ పనికి. కింద షెవ్రొలే, పైన కాడిలాక్, నడుమ ఓక్‌లాండ్, ఓల్డ్స్‌మొబీల్, బ్యూయిక్. డూపాంట్ రసాయన కంపెనీ వాళ్ళు త్వరగా ఆరే లక్క రంగు కనిపెట్టడంతో నలుపు కాని కార్లు చవగ్గా తయారుచేయడం కుదిరింది. 1927లో డిజైనర్ హార్లీ ఎర్ల్ చేతికి అందచందాల విభాగాన్నే అప్పగించారు. అదే ఏడాది మేలో మోడల్ టీ ఆగిపోయింది. జీతం పెరిగినవాడు పక్కింటివాడికి తెలిసేలా పై మెట్టు ఎక్కాలనుకుంటాడని స్లోన్ పసిగట్టాడు, ఫోర్డ్ పసిగట్టలేదు. ఇందులో స్లోన్‌ను తప్పుపట్టను. మనిషిలో ఉన్న కోరికనే ఆయన చూశాడు.

అయితే స్లోన్ మెట్లు వేర్వేరు పేర్ల కార్ల మధ్య ఉండేవి. వాటిని ఒకే ట్రక్కు లోపలికి తీసుకురావడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సంగతి. 1951లో ఫోర్డ్ తన ట్రక్కు క్యాబిన్‌ను రెండుగా విడగొట్టింది. మామూలుది ఫైవ్ స్టార్, ఇంకాస్త మంచిది ఫైవ్ స్టార్ ఎక్స్‌ట్రా. ఆ ఎక్స్‌ట్రాలో ఏముంది? లోపలికి చప్పుడు రాకుండా అదనపు పొరలు, తాళం పడే గ్లవ్ బాక్స్, తలుపు తీస్తే వెలిగే దీపం, రెండు హారన్లు, రెండు వైజర్లు. ఈ జాబితాలో ఒక్కటి కూడా బరువు మోయడానికి పనికొచ్చేది కాదు. అదే ఇంజను, అదే చాసిస్, అదే తొట్టి. చవక మెట్టు మీదున్న వడ్రంగీ, ఖరీదు మెట్టు మీదున్న కాంట్రాక్టరూ ఒకే బరువు మోసేవారు. దీన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఎలక్ట్రిక్ ట్రక్కు వచ్చాక తారుమారైంది సరిగ్గా ఇదే.

1955లో షెవ్రొలే కేమియో కారియర్ అని ఒక ట్రక్కు తెచ్చింది. తొట్టి పక్కలకు ఫైబర్‌గ్లాస్ తొడిగి కారులా నున్నగా చేశారు. నాలుగేళ్ళలో పదివేల చిల్లర అమ్మి ఆపేశారు. అమ్మకాలు అంతంతమాత్రమే అయినా పికప్‌ను ఆదివారం చర్చికి కూడా వేసుకెళ్ళవచ్చన్న ఊహను అది నాటింది. ఆ తర్వాత పదేళ్ళకు, 1965లో, ఫోర్డ్ ఎఫ్-100 మీద రేంజర్ అన్న పేరు వచ్చింది. 1970లో దాని పైన రేంజర్ ఎక్స్‌ఎల్‌టీ, 1978లో ఇంకా పైన లారియట్. షెవ్రొలే వైపు 1975లో సిల్వరాడో అన్నది అన్నిటికన్నా పై మెట్టు.

ఇక్కడ కాస్త ఆగాలి. 1970లో ఎక్స్‌ఎల్‌టీ అంటే ఫోర్డ్ ట్రక్కుల్లో శిఖరం. ఈనాడు అది కిందినుంచి రెండో మూడో మెట్టు. లారియట్ కూడా శిఖరంగా మొదలై నడిమికి జారింది. షెవ్రొలేలో కస్టమ్ డీలక్స్ అన్న పేరు 1975 నుంచి అన్నిటికన్నా చవక ట్రక్కుకు పెట్టారు. కస్టమ్, డీలక్స్ రెండూ ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్న పేర్లే. రెండూ కలిసి అట్టడుక్కి చేరాయి. సిల్వరాడో అయితే 1999 మోడల్ నుంచి మొత్తం ట్రక్కుకే పేరైపోయింది, అంటే దానికొక చవక సిల్వరాడో, ఒక ఖరీదు సిల్వరాడో మళ్ళీ పుట్టుకొచ్చాయి. పేరు కోసం డబ్బు పెట్టినవాడి పేరు పదిహేనేళ్ళలో కిందికి దిగిపోతుంది. పైన ఇంకో మెట్టు కడతారు కనక. 2001లో కింగ్ రాంచ్, 2009లో ప్లాటినం, 2013లో లిమిటెడ్. కింగ్ రాంచ్ మా టెక్సాస్ దక్షిణ కొసన 1853లో మొదలైన పశువుల క్షేత్రం, 8 లక్షల ఎకరాల పైమాటే. దాని పేరు, గుర్రపు జీను రంగు తోలు ట్రక్కు సీట్లకెక్కాయి. అక్కడ పశువులు కాసే కౌబాయ్ జీతానికి ఆ ట్రక్కు అందుతుందా అన్నది నన్ను వదలని ప్రశ్న.

ట్రక్కులు ఇంత ఖరీదెక్కడానికి ఒక పన్ను కూడా దోహదం చేసింది. అమెరికా కోళ్ళ మీద పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ సుంకాలు పెంచితే, బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ విదేశీ చిన్న ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేశాడు. మిగతా సరుకుల మీద వేసినవి తర్వాత ఎత్తేశారు, ట్రక్కుల మీదిది మాత్రం మిగిలిపోయింది. దాన్ని ఇప్పటికీ కోడి పన్ను అంటారు. బయటినుంచి చవక పోటీ లేదు కనక డెట్రాయిట్ కంపెనీలకు కింది మెట్టును పట్టించుకోవలసిన అవసరం తగ్గింది. 1977 నుంచి ఫోర్డ్ ఎఫ్ సిరీస్ అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యే ట్రక్కు.

ఇక కరెంటు ట్రక్కులు. 1990లో కాలిఫోర్నియా పొగలేని బండ్లు అమ్మి తీరాలని నిబంధన పెట్టడంతో షెవ్రొలే ఎస్-10 ఎలక్ట్రిక్, ఫోర్డ్ రేంజర్ ఈవీ వచ్చాయి. ఎక్కువగా కరెంటు కంపెనీలు, ప్రభుత్వ శాఖలు లీజుకు తీసుకున్నాయి. రేంజర్ ఈవీలో తోలు సీటా, గుడ్డ సీటా అన్న మాటే లేదు. సీసం బ్యాటరీయా, నికెల్ బ్యాటరీయా, అదొక్కటే అసలైన తేడా. నిబంధన సడలగానే 2002కల్లా ఆ అధ్యాయం ముగిసింది.

2021 మే 19న ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌ను చూపించింది. కింది మెట్టు ప్రో 39,974 డాలర్లన్నారు. ఆ ధర విని రెండు లక్షల మంది ముందుగా పేర్లు రాయించుకున్నారు. తర్వాత 2023 మార్చికల్లా అదే ప్రో 59,974కు పోయింది, జూలైలో 49,995కు దిగింది. ప్లాటినం మొదట్లోనే 90 వేల పైన. ఈ రెండు కొసల మధ్య తేడా సీట్లూ తెరలూ మాత్రమే అయితే నేనింత రాసేదాన్ని కాదు. మెట్టుతో పాటు బ్యాటరీ మారింది. చిన్న బ్యాటరీ 98 కిలోవాట్ అవర్లు, 230 మైళ్ళు. పెద్దది 131, ఎక్స్‌ఎల్‌టీ, లారియట్‌లలో 320 మైళ్ళు. మామూలు జనం ప్రో కొంటే పెద్ద బ్యాటరీ ఇచ్చేవారు కాదు. 2022లో అది పెద్ద సంఖ్యలో కొనే సంస్థలకే. ప్లగ్గుల్లోనూ ఇదే తీరు. ప్రో, ఎక్స్‌ఎల్‌టీలకు మామూలుగా వచ్చేది 2.4 కిలోవాట్లు. లారియట్, ప్లాటినంలకు 9.6 కిలోవాట్లు, తొట్టిలో 240 వోల్టుల ప్లగ్గుతో సహా. కింది మెట్లవాళ్ళు దానికి వేరే కట్టాల్సి వచ్చేది.

నా లెక్కలో చెబుతాను. రెండు హాట్ కేసులు పెడితే 3,000 వాట్లు. 2.4 కిలోవాట్ల బండిలో రెండోది పెట్టగానే కరెంటు చాలదు. బిర్యానీ వేడిగా ఉంచాలా, పప్పు వేడిగా ఉంచాలా అని ఎంచుకోవాలి. కొబ్బరి చట్నీకి వెట్ గ్రైండరు సంగతి సరేసరి. అంటే పనికి అవసరమైన శక్తిని, పనివాళ్ళ మెట్టు అని ఫోర్డే పేరుపెట్టిన దాంట్లోంచి తీసి, తోలు సీట్ల మెట్టులో పెట్టారు. 1951 ఫైవ్ స్టార్ ఎక్స్‌ట్రాలో జరగనిది ఇదే.

దీనికి సమాధానంగా కంపెనీలు చెప్పే కారణం నాకు తెలుసు, అందులో న్యాయమూ ఉంది. ఎలక్ట్రిక్ బండిలో అన్నిటికన్నా ఖరీదైనది బ్యాటరీ. చవక బండిలో పెద్ద బ్యాటరీ పెడితే అది చవక బండి కాకుండా పోతుంది. అయితే బ్యాటరీ ధర విడిగా చెప్పి, కావలసినవాళ్ళకు అమ్మవచ్చు కదా. 131 కిలోవాట్ అవర్లు కావాలన్న మనిషి పై మెట్టు సుఖాలు కూడా ఎందుకు కొనాలి? పైగా పై మెట్టే మెరుగని కూడా లేదు. ప్లాటినం అదే పెద్ద బ్యాటరీతో 300 మైళ్ళే వెళుతుంది. దాని 22 అంగుళాల చక్రాలూ అదనపు బరువూ 20 మైళ్ళు తినేస్తాయి. షెవ్రొలే సిల్వరాడో ఈవీలో ఇంకా స్పష్టం. 2025లో అమెరికా ప్రభుత్వ పరీక్ష లెక్కన 492 మైళ్ళు వెళ్ళేది డబ్ల్యూటీ, అంటే వర్క్ ట్రక్కు. అన్నిటికన్నా సాదా మెట్టు అన్నిటికన్నా దూరం పోతుంది. పనివాడికి పెద్ద బ్యాటరీ ఇవ్వడం అసాధ్యమేమీ కాదని షెవ్రొలే చేసి చూపించింది. ఆ కంపెనీ నాకు నచ్చింది ఇందుకే.

ఇతరుల కథ క్లుప్తంగా. రివియన్ తన ఎలక్ట్రిక్ పికప్ ఆర్1టీకి ఎక్స్‌ప్లోర్ అన్న చవక మెట్టు ప్రకటించి, 2022 ఆగస్టులో తీసేసింది, ఎక్కువమంది పై మెట్టే అడుగుతున్నారని చెప్పి. టెస్లా 2025 ఏప్రిల్‌లో 69,990 డాలర్లకు ఒక సైబర్‌ట్రక్ పెట్టింది. గుడ్డ సీట్లు సరే, తొట్టిలో ప్లగ్గులు కూడా పీకేసింది. కొన్ని నెలలకే దాన్నీ ఆపేసింది. పని చేసుకునేవాళ్ళకు ఉద్దేశించిన మెట్టులోంచి పని సాధనాన్నే తీసేస్తే ఎవరు కొంటారు?

ప్రభుత్వ సాయం కూడా మెట్లను మార్చింది. 2022 ఆగస్టు చట్టం ప్రకారం 7,500 డాలర్ల పన్ను మినహాయింపు రావాలంటే పికప్ ధర 80 వేల డాలర్లు దాటకూడదు. ప్లాటినం దాటిపోయింది. 2024లో ఫోర్డ్ ఫ్లాష్ అన్న కొత్త మెట్టు తెచ్చింది. పెద్ద బ్యాటరీ, పెద్ద తెర, ధర 70 వేలకు దగ్గరగా. నా దృష్టిలో లైట్నింగ్ మెట్లలో కాస్త ఆలోచించి కట్టింది అదే. ఆ మినహాయింపు 2025 సెప్టెంబరు 30తో పోయింది. డిసెంబరులో ఫోర్డ్ లైట్నింగ్ తయారీనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

అందుకే ఇప్పుడు మేం చూస్తున్నవన్నీ వాడిన బండ్లు. మొన్న ఒక డీలరు దగ్గర రెండు లైట్నింగులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ముత్యపు తెలుపు ప్లాటినం. రెండోది ఏదో సంస్థ వాడి వదిలేసిన ప్రో. తలుపు మీద స్టిక్కరు పీకిన చోట రంగు కొంచెం తాజాగా, చదరంగా కనిపిస్తోంది. వినైల్ సీటు, వినైల్ నేల. తడిగుడ్డతో తుడిస్తే పోయేది, పులుసు ఒలికినా బెంగ లేదు. అక్కడ పనిచేసే మన కుర్రాడు “అక్కా, టాప్ ఎండ్ తీసుకోండి, ఫంక్షన్లకు వెళ్ళేవాళ్ళు కదా, బాగుంటుంది” అన్నాడు. “ఫంక్షన్‌కు వెళ్ళేది తినడానికి కాదు నాన్నా, పెట్టడానికి. ముందు ఆ ప్రోలో బ్యాటరీ ఎంతో చూసి చెప్పు” అన్నాను. కంప్యూటరులో చూసి 131 అన్నాడు. సంస్థ కొన్నది కనక వచ్చింది. టెయిల్ గేటు దించి చూస్తే తొట్టి గోడకు నాలుగు మామూలు ప్లగ్గుల పక్కన, రబ్బరు మూత కింద, 240 వోల్టుల గుండ్రటి ప్లగ్గు కూడా ఉంది. ఆ ప్రోను బేరమాడుతున్నాం.

కొత్తగా వస్తున్నవాటిలో స్లేట్ అన్న కంపెనీ 2025 ఏప్రిల్‌లో చూపించిన చిన్న ట్రక్కు మీద నాకు ఆశ ఉంది. రంగు వేయని బూడిద రంగు ప్లాస్టిక్ ఒళ్ళు, చేత్తో తిప్పే అద్దాలు, రేడియో లేదు. మెట్టు ఒక్కటే. బ్యాటరీ మాత్రం రెండు సైజుల్లో, 150 మైళ్ళకు ఒకటి, 240 మైళ్ళకు ఒకటి అని ప్రకటించారు. సుఖాలతో ముడిపెట్టకుండా శక్తిని విడిగా ఎంచుకోనివ్వడం నేను కోరుకున్నదే. రోడ్డు మీద అది ఎలా నిలుస్తుందో చూడాలి.

వాడిన లైట్నింగ్ కొనబోయే మనవాళ్ళకు ఒక మాట. తలుపు మీద రాసిన పేరును పట్టుకుని బేరానికి దిగకండి. బ్యాటరీ 98 ఆ, 131 ఆ అని మొదట అడగండి. టెయిల్ గేటు దించి 240 వోల్టుల ప్లగ్గు ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. ఈ రెండూ తర్వాత బిగించుకుందామంటే కుదిరేవి కావు. తోలు సీటు కవర్లు ఎప్పుడైనా వేయించుకోవచ్చు.